ఫార్మాట్ కొట్టే ముందు

ఇంట్లో కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని చెప్పగానే చుట్టుపక్కల వాళ్లిచ్చే సలహా దాదాపు ఒకటే: "ఫార్మాట్ కొట్టియ్ అన్నా, సెట్ అయితది." కొట్టించాక నాలుగు రోజులు బాగానే నడుస్తుంది. పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు, పెళ్లి ఫొటోలు, స్కాన్ చేసి దాచుకున్న పాసుపుస్తకం కాపీలు పోతే పోయాయి, సిస్టమైనా బాగుపడిందనుకుంటారు. అంతలోనే మళ్లీ అదే తంతు. జబ్బు విండోస్‌లో లేనప్పుడు విండోస్‌ను ఎన్నిసార్లు మార్చినా ఏం లాభం? అది గోడకున్న ప్లగ్గులో ఉండొచ్చు, ఫ్యాను రెక్కల మీద పేరుకున్న దుమ్ములో ఉండొచ్చు, ర్యామ్‌లోని ఒకే ఒక్క కణంలో ఉండొచ్చు.

మెదక్ జిల్లా నిజాంపేటలో ఈ పొరపాటుకు ఖరీదు ఎక్కువ. కూకట్‌పల్లి పక్కనున్న నిజాంపేట వేరు, అక్కడ వీధి మలుపులోనే రిపేరు షాపు దొరుకుతుంది. రామాయంపేట దగ్గరి ఈ నిజాంపేట 2016 జిల్లాల పునర్విభజనలో మండల కేంద్రమైంది. ఇక్కడివాళ్లు మంచి ఎస్సెమ్పీఎస్సో (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా), సరిపోయే ర్యామో వెతుక్కోవాలంటే చివరికి జేబీఎస్ బస్సెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరూ సీటీసీ అనే ఆ బజారుకు, వెళ్లాల్సిందే. అవసరం లేని భాగం కొనుక్కొస్తే డబ్బుతో పాటు ఒక రోజు కూడా పోతుంది. కాబట్టి జబ్బేమిటో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరడం మంచిది. అందుకు ఇంజినీరింగ్ చదివి ఉండక్కర్లేదు. ఎప్పుడు ఆగుతోంది, ఎలా ఆగుతోంది అన్న రెండు ప్రశ్నలను ఓపికగా అడిగితే చాలు, దారి చాలావరకు దొరుకుతుంది.

ముందు 'ఎలా' సంగతి. స్విచ్చి ఎవరో కట్టేసినట్టు ఠక్కున ఆగి, దానంతటదే మళ్లీ ఆన్ అవుతోందంటే అనుమానం కరెంటు మీదికి, వేడి మీదికి పోవాలి. తెర బిగుసుకుపోయి మౌస్ కదలకపోతే డిస్కు, ర్యామ్, డ్రైవర్ ముగ్గురూ ముద్దాయిలే. మూడోది నీలి తెర. విండోస్ 11లో 2025 నుంచి అది నల్ల రంగులోకి మారింది కానీ చెప్పే సంగతి అదే. దాన్ని చూసి భయపడేవాళ్లు ఎక్కువ. నిజానికి ఆ మూడింట్లో యజమానికి మేలు చేసేది ఇదొక్కటే.

ఎందుకంటే ఆ తెరను వేసేది విండోసే, తెలిసి వేస్తుంది. కంప్యూటర్లో ప్రోగ్రాములు రెండు అంతస్తుల్లో నడుస్తాయి. బ్రౌజర్, వర్డ్, ఆటలు పై అంతస్తులో ఉంటాయి. వాటిలో ఒకటి తప్పు చేస్తే విండోస్ దాన్ని ఒక్కదాన్నే మూసేసి ముందుకు పోతుంది. కింది అంతస్తును కెర్నెల్ అంటారు. మెమరీని, డిస్కును, తెరను నేరుగా పట్టుకునే డ్రైవర్లు అక్కడుంటాయి. అక్కడ ఒక డ్రైవర్ తనది కాని మెమరీని ముట్టుకుంటే, ఆ తర్వాత డిస్కులోకి పోయే సమాచారం సరైనదో కాదో ఎవరూ హామీ ఇవ్వలేరు. చెత్త రాసి ఫైళ్లను పాడుచేయడం కన్నా ఆగిపోవడమే నయమని విండోస్ అన్నీ నిలిపేస్తుంది. పోయేముందు కారణం ఒక కోడ్‌గా రాసి, మినీడంప్ అనే చిన్న ఫైలు దాచిపెడుతుంది.

ఒక్క డ్రైవర్ ఎంత పని చేయగలదో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు మన వేళల ప్రకారం ఉదయం 9.39కి ఒక చిన్న అప్‌డేట్ పంపింది. 20 వివరాలు మాత్రమే అందే చోట ప్రోగ్రాము 21వ దాన్ని చదవబోయింది. లేని చోట చెయ్యి పెట్టడంతో కెర్నెల్ కూలింది. గంటా పద్దెనిమిది నిమిషాల్లో దాన్ని వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అప్పటికే సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులను పెన్నుతో రాసిచ్చారు. అదంతా కార్పొరేట్ ఆఫీసులు వాడే సాఫ్ట్‌వేర్ కనుక ఇళ్లలోని కంప్యూటర్లకు ఏమీ కాలేదు. అయితే దాని విరుగుడు మాత్రం ప్రతి ఇంటికీ పనికొచ్చేదే. ఫార్మాట్ అవసరం రాలేదు. కనీస డ్రైవర్లతో నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ ఒక్క తప్పుడు ఫైలును తీసేసి రీస్టార్ట్ చేశారు. అంతే. ఇంట్లో కంప్యూటర్ సేఫ్ మోడ్‌లో గంటల తరబడి నిక్షేపంగా నడిచి, మామూలుగా తెరిస్తే కూలిపోతోందంటే దోషం డ్రైవర్‌లోనో కొత్తగా వేసిన ప్రోగ్రాములోనో ఉందన్న అనుమానం బలపడుతుంది.

చిక్కేమిటంటే, విండోస్ నీలి తెర చూపించి వెంటనే తనే రీస్టార్ట్ అయిపోతుంది. కోడ్ చదివే వ్యవధి ఉండదు. సిస్టం సెట్టింగుల్లో స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి 'ఆటోమేటిక్‌గా రీస్టార్ట్' అన్న గడిలోని టిక్ తీసేస్తే తెర నిలబడుతుంది, ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు. ఇంతకన్నా తేలికైన దారి, 'ఎప్పుడు' అన్న ప్రశ్నకూ జవాబు చెప్పేది, రిలయబిలిటీ మానిటర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే రోజువారీగా గీసిన పట్టిక తెరుచుకుంటుంది. ఏ తేదీన ఏది కూలిందో ఎర్ర గుర్తులతో, ఏ తేదీన ఏ అప్‌డేట్ వచ్చిందో నీలం గుర్తులతో కనిపిస్తాయి. ఎర్ర గుర్తులు మొదలైన రోజుకు ముందు రోజు ఏం మారిందో చూడాలి. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

ఈవెంట్ వ్యూయర్ అనే మరో చోట 'కెర్నెల్ పవర్ 41' అన్న పద్దు కనిపిస్తుంది. సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని దానర్థం. దాన్ని తెరిచి వివరాల్లో బగ్‌చెక్ కోడ్ చూడాలి. అక్కడ అంకె ఉంటే నీలి తెర వచ్చి పోయిందన్నమాట. సున్నా ఉంటే విండోస్‌కు కోడ్ రాసే వ్యవధి కూడా చిక్కలేదు. కరెంటు పోయి ఉండాలి, లేదా మొత్తంగా బిగుసుకుపోయి ఉండాలి. ఆ సున్నా కనిపించినప్పుడు ఫార్మాట్ ఆలోచన పక్కనపెట్టి కరెంటు సంగతి చూడాలి.

కరెంటు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగడం అవసరం, మెదక్ పల్లెల్లో అసలు కథ చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

మన ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. పది శాతం అటూఇటూ, అంటే 207 నుంచి 253 దాకా ఉండొచ్చు. మెదక్ జిల్లా సేద్యంలో బోరు మోటార్లదే పెద్ద పాత్ర. ఐదు హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు నడుస్తున్నప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు లాగితే, ఆన్ చేసిన క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. రాష్ట్రంలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యే ముందు ఆటోస్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం రైతులను అంతగా కోరడానికి భూగర్భ జలాలు ఒక కారణమైతే, ఈ లోడు మరో కారణం. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఇళ్లూ ఉంటే వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది. బల్బు ఒకసారి మినుకుమంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది.

ఫ్యానుకు లేని కష్టం కంప్యూటర్‌కెందుకు? గోడ నుంచి వచ్చే కరెంటును 12, 5, 3.3 వోల్టుల నిలకడైన డీసీగా మార్చేది ఎస్సెమ్పీఎస్. దానిలో ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకులా అది కొంత శక్తిని నిల్వ ఉంచుకుని, సరఫరా తెగిన క్షణంలో ఆ లోటును పూడుస్తుంది. ఎంతసేపు? ప్రమాణాల ప్రకారం పూర్తి లోడు మీద దాదాపు 16 మిల్లీసెకన్లు. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క ఆవృతికి పట్టే కాలమే 20 మిల్లీసెకన్లు. అంటే కరెంటు ఒక్క ఆవృతి పాటు లేకపోయినా కష్టమే. పైగా కెపాసిటర్లో నిలిచే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 నుంచి 170కి పడితే వోల్టేజీ తగ్గింది పావు వంతే అయినా, సాధారణ రకం ఎస్సెమ్పీఎస్‌లో నిల్వ దాదాపు సగానికి పడిపోతుంది. లో వోల్టేజీ ఉన్న సాయంత్రాల్లో కంప్యూటర్ ఎక్కువగా ఆగడం వెనకున్న లెక్క ఇది.

ఇన్వర్టర్ ఉంది కదా అనుకునేవాళ్లు దాన్ని వెనక్కి తిప్పి చూడాలి. చాలా ఇన్వర్టర్లకు అక్కడో, ముందు వైపో ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. ఒకవైపు యూపీఎస్ అని, మరోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. నార్మల్‌లో ఉంటే లైనులోంచి బ్యాటరీకి మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. ఫ్యానుకు, లైటుకు అది లెక్కలోది కాదు. ఎస్సెమ్పీఎస్ ఓర్చుకునే 16 మిల్లీసెకన్లతో పోలిస్తే మాత్రం చాలా ఎక్కువ. యూపీఎస్ వైపు తోస్తే ఆ వ్యవధి సుమారు పదికి తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడల్లా సిస్టం ఆగిపోతోందని కొత్త యూపీఎస్ కొనే ముందు, పైసా ఖర్చు లేని ఈ స్విచ్చిని ఒకసారి చూసుకోవాలి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ వోల్టేజీ విషయంలో పట్టుదలగా ఉంటుంది. లో వోల్టేజీ రాగానే బ్యాటరీ మీదికి పోతుంది కనుక బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైంది న్యూట్రల్ తెగడం. త్రీఫేజ్ లైనులో న్యూట్రల్ తీగ ఊడినా, వదులైనా ఇళ్ల మధ్య వోల్టేజీ పంపకం తారుమారవుతుంది. లోడు తక్కువున్న ఇంటికి మూడు వందల పైన, ఒక్కోసారి నాలుగు వందలకు దగ్గరగా వస్తుంది. ఒక ఇంట్లో బల్బులు మసకబారి, పక్కింట్లో కళ్లు చెదిరేలా వెలుగుతుంటే మెయిన్ ఆఫ్ చేసి లైన్‌మన్‌కు ఫోన్ చేయడం తప్ప మరో పని పెట్టుకోకూడదు.

క్యాబినెట్‌ను వేలితో తాకితే సన్నగా జిల్లుమంటోందా? షార్ట్ అయిందని కంగారుపడతారు. ఎస్సెమ్పీఎస్ ముఖద్వారంలో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి లోహపు పెట్టెకు చెరొక చిన్న కెపాసిటర్ ఉంటుంది. విద్యుత్ రణగొణను భూమిలోకి పంపడం వాటి పని. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే అవి పంపడానికి దారి ఉండదు. పెట్టె మొత్తం సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ప్రవహించేది మిల్లీ ఆంపియర్ కన్నా తక్కువ కనుక ప్రాణాపాయం లేదు. యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ తీగలు పెట్టి తీసేటప్పుడు మాత్రం ఆ వోల్టేజీ మదర్‌బోర్డును ఇబ్బంది పెట్టగలదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చడం ఈ బాధను కొనితెచ్చుకోవడమే. అయితే జిల్లుమనడం దాటి గట్టిగా షాక్ కొడితే అది వేరే లోపం, వెంటనే ప్లగ్ తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఎస్సెమ్పీఎస్ నాణ్యత గురించి ఒక మాట. చవక క్యాబినెట్‌తో వచ్చే డబ్బా మీద 450 వాట్లని పెద్దక్షరాల్లో ఉంటుంది. దాన్ని నమ్మకుండా కింద పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి. అక్కడ 16 ఆంపియర్లని ఉంటే, 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు దక్కేది అంతే. మామూలు పనిలో బాగుండి ఆట మొదలుపెట్టగానే ఆగిపోయే సిస్టంలో ఈ గుణకారం చేసి చూడాలి.

కెపాసిటర్లకు మరో శత్రువు వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్లు లెక్కగడతారు. 2000 దశకం మొదట్లో లోపభూయిష్టమైన ద్రావణంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతా మదర్‌బోర్డుల మీద ఉబ్బి పగిలాయి. వాటిని బాగుచేసే ఖర్చు కింద డెల్ సంస్థ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ప్లగ్ తీసేసి క్యాబినెట్ పక్క తలుపు విప్పితే మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు వరుసగా కనిపిస్తాయి. వాటి నెత్తిన సన్నటి గాట్లుంటాయి. నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బి గాట్లు విచ్చుకున్నా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డుకు రోజులు దగ్గరపడినట్టే. ఎస్సెమ్పీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకూడదు. ప్లగ్ తీసేశాక కూడా దాని కెపాసిటర్లో ప్రమాదకరమైన ఛార్జి ఉంటుంది.

తలుపు విప్పినప్పుడే దుమ్ము సంగతీ తెలిసిపోతుంది. హార్వెస్టర్లు తిరిగే కోతల కాలంలో వరి దుమ్ము ఇంట్లోకి రాకుండా ఎవరూ ఆపలేరు. ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య అది మెత్తటి పరుపులా పరుచుకుంటుంది. ఫ్యాను తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, గాలి మాత్రం పోదు. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు వంద డిగ్రీల సెల్సియస్ దగ్గరికి రాగానే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే తమను తాము ఆపేసుకుంటాయి. ఆన్ చేసిన పావుగంటకో అరగంటకో ఆగిపోయి, వెంటనే ఆన్ చేస్తే ఇంకా త్వరగా ఆగిపోతుంటే అది వేడే. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్టు ఏళ్లు గడిస్తే ఎండిపోతుంది. దాన్ని తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెడితే ఉష్ణోగ్రత దిగివస్తుంది. ఖర్చు కూడా తక్కువే.

ఇక ర్యామ్. ఆన్ చేయగానే బీప్‌మంటూ తెర రాకపోతే ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్ది పెట్టడం మన మెకానిక్కులందరికీ తెలిసిన విద్య. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. బంగారు పూత మీద పేరుకున్న మురికి పోవడం, తీసి పెట్టడంతో పిన్నులు గట్టిగా కూర్చోవడం రెండూ కారణాలే. పదేపదే రుద్దితే ఆ సన్నటి పూత అరిగిపోతుంది, రజను స్లాటులో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం నయం.

లోపం ర్యామ్ లోపలే ఉంటే రుద్దడం ఏమీ చేయలేదు. 2003 మేలో బెల్జియం ఎన్నికల్లో షార్‌బీక్ అనే చోట ఒక అభ్యర్థికి ఉండాల్సిన వాటికన్నా 4,096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆ అంకె రెండును పన్నెండుసార్లు గుణిస్తే వచ్చేది. అంటే మెమరీలో ఒకే ఒక్క బిట్ సున్నా నుంచి ఒకటికి మారితే చాలు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణం ఆ పని చేసి ఉంటుందని నిపుణులు అనుమానించారు. కథ ఆసక్తికరమే, ఇంటి కంప్యూటర్ విషయంలో మాత్రం అంతరిక్షం దాకా పోనక్కర్లేదు. గూగుల్ సర్వర్లను రెండున్నరేళ్లు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదికి ఎనిమిది శాతానికి పైగా ర్యామ్ ముక్కల్లో తప్పులు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఆకాశం నుంచి ఊడిపడినవి కావని, చిప్పులోనే స్థిరపడిన లోపాలని పరిశోధకులు తేల్చారు. సర్వర్లలోని ర్యామ్ ఇలాంటి తప్పులను తనే దిద్దుకుంటుంది. ఇళ్లలో వాడే మామూలు ర్యామ్‌కు ఆ ఏర్పాటు లేదు. నీలి తెర మీద వచ్చే కోడ్ రోజుకొకటిగా మారుతుంటే, ఫైళ్లు కారణం లేకుండా పాడవుతుంటే ముందు ర్యామ్‌నే పరీక్షించాలి. మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష విండోస్‌లోనే ఉంది. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపితే ఇంకా నమ్మకం. ఒక్క తప్పు కనిపించినా, రెండు ముక్కలుంటే ఒకదాన్ని తీసి నాలుగు రోజులు చూడాలి, తర్వాత రెండోదాన్ని. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

డిస్కు వంతు వచ్చేసరికి సమయం ముఖ్యం. టక్ టక్‌మనే చప్పుడు, ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పట్టడం దాని చివరి రోజుల గుర్తులు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము డిస్కు తన గురించి తను రాసుకున్న లెక్కలను చూపిస్తుంది. 'కాషన్' అని పసుపు రంగు కనిపిస్తే ఇక ఏ రిపేరూ మొదలుపెట్టకుండా ముందు ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసుకోవాలి. చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఫార్మాట్ కొట్టడం కన్నా పెద్ద తప్పు ఈ మొత్తం వ్యవహారంలో లేదు.

ప్రాసెసరే చెడిపోవడం అరుదు. అరుదైనంత మాత్రాన అసంభవం కాదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతూ తమను తామే పాడుచేసుకున్నాయి. ఆటలు ఆడేవాళ్లకు తెర మీద 'వీడియో మెమరీ చాలదు' అన్న సందేశం వచ్చేది. గ్రాఫిక్స్ కార్డు పోయిందనుకున్నవాళ్లు ఎందరో. 2024లో ఇంటెల్ లోపాన్ని ఒప్పుకుని, బయోస్ అప్‌డేట్ ద్వారా మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తరం ప్రాసెసర్ ఉన్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేయకుండా ఉండకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే విండోస్ వైపు చూడాలి. అక్కడా ఫార్మాట్ ఆఖరి మెట్టు. చెడిన సిస్టం ఫైళ్లను ఎస్‌ఎఫ్‌సీ, డీఐఎస్‌ఎమ్ అనే రెండు ఆదేశాలు సరిచేస్తాయి. 'రీసెట్ దిస్ పీసీ'లో మన ఫైళ్లను ఉంచి విండోస్‌ను మాత్రం కొత్తగా వేసుకునే వీలుంది. దొంగ కాపీ విండోస్, దాన్ని తెరవడానికి వాడిన క్రాక్ ఫైళ్లు కెర్నెల్‌లో ఏం చేస్తున్నాయో ఎవరికీ తెలియదు కనుక వాటిని నమ్ముకున్న సిస్టంకు నిలకడ ఆశించలేం. కొత్తగా వేసుకునేది విండోస్ 10 అయితే, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని గుర్తుంచుకోవాలి.

ఇంత చూశాక కూడా సిస్టంను షాపుకు ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి. దాంతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. ఏ తేదీన, ఏ వేళ, ఏం చేస్తుండగా ఆగింది, తెర మీద ఏ కోడ్ వచ్చింది, అప్పుడు ఇంట్లో లైట్లు మినుకుమన్నాయా లేదా, ఇవన్నీ దాని మీద రాసి ఉండాలి. ఫైళ్లను ముందే మరో డిస్కులోకి కాపీ చేసుకోండి. అడగకుండా ఫార్మాట్ చేయొద్దని నోటితో చెప్పి, ఆ కాగితం మీద కూడా రాయండి. మార్చిన పాత భాగాన్ని వెనక్కి అడిగి తీసుకోండి.